సంసారుల చదువు

తెల్లవారుటకు ఇంకను గంటన్నర కాలము గలదు. విశాఖపట్టణమున పూర్ణా మార్కెటు మాత్రము అప్పటికే మేల్కొని బేరమునకు కూర్చున్నది. కూరగాయల బండ్లు వచ్చి నిలిచినవి. కళాసీలు బస్తాలను వీపున వేసికొని, తప్పుకొండు తప్పుకొండని కేకలిడుచు ఇరుకు సందులలో పరుగిడుచున్నారు. ఆ కోలాహలము నడుమ తోటకూర, గోంగూర కట్టలు గట్టుచున్న యొక స్త్రీ చెవినుండి సన్నని తీగ వ్రేలాడుచుండగా చూచితిమి. పాట వినుచున్నదని తలచితిమి. కట్ట ధర యడుగగా ఆమె తీగను తీసి, ధర చెప్పి, మరల చెవిలో పెట్టుకొనుచు, "పాఠం బాబూ, అర్థశాస్త్రం. ఇంటికెళ్తే మరి వినడానికి అవ్వదు" అనెను.

మేము కూర కొనుట మరచి నిలిచిపోతిమి. విచారింపగా తెలిసిన సంగతి యిది. ఆమె ఇంటరుమీడియేటు ముగించి, డిగ్రీలో రెండవ యేడు చదువుచుండగా పెండ్లియైనది. చదువాగినది. పదునైదేండ్లు గడచినవి. ఇప్పుడు పెద్దపిల్ల తొమ్మిదవ తరగతి, చిన్నవాడు ఆరవ తరగతి. అత్తగారి కాలమునుండి వచ్చుచున్న ఆకుకూరల బేరము ఆమె పాలిట పడినది. దూరవిద్యయందు చేరి రెండవ సంవత్సరమునకు వచ్చినది. ఎందులకమ్మా యింత శ్రమ, ఉద్యోగమునకా యని యడిగితిమి. "ఉద్యోగం సంగతి దేవుడెరుగు. ఆగిపోయింది కదా బాబూ, పూర్తి చేద్దామని" అని యామె ప్రత్యుత్తరము.

ఆ మాట మమ్ము వారము దినములు వెన్నాడినది. తరువాత కనులు తెరచి చూడగా ఇట్టివారు మన పట్టణమున నలుదెసల కనిపించిరి. ఉక్కు కర్మాగారమున రాత్రి షిఫ్టు దిగి వచ్చి, రెండు గంటలు నిద్రించి, పిల్లను బడికి దింపి, పుస్తకము తెరచు కార్మికుడు. కమీషను దుకాణమున పద్దులు వ్రాయుచు బి.కాం. పరీక్షలకు కట్టిన గుమాస్తా. ఆసుపత్రిలో రాత్రి విధి నడుమ దొరకిన అరగంటలో ఫోనుపై పాఠము చూచుకొను నర్సు. వీరెవ్వరును బడిపిల్లలు కారు. వీరికి తల్లిదండ్రులు ఫీజు కట్టరు, వీరే తల్లిదండ్రులు. వీరి చదువును గూర్చి మన సంఘము చేయుచున్న ఆలోచన యేమి? కళాశాలలను గూర్చి, ప్రవేశపరీక్షలను గూర్చి, ర్యాంకులను గూర్చి మనకు పుట్టెడు చర్చలు గలవు. సంసారముచేయుచు చదువుకొనువారిని గూర్చి మాత్రము చెప్పుకొనదగిన చర్చ లేదు. నేటి మా వ్రాత వారిని గూర్చినది.

ఇది క్రొత్త వింత కాదని మొదట చెప్పవలసియున్నది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడియందు ఉపాధ్యాయులుగా చేరునప్పటికి వారికి పదునేడేండ్లు మాత్రమే. తండ్రి లేని యింటి భారము మీదబడుటచే కళాశాలకు పోవు యోగము లేకపోయెను. బడిలో పాఠములు చెప్పుచునే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఎ., బి.ఎ. పరీక్షలకు కూర్చుండిరి. ఆపైని సవరల భాష నేర్చి వారికి పుస్తకములు వ్రాసిన మహనీయుని విద్యకు మూలము ఈ రాత్రి చదువే.

ఇంకొక యుదాహరణము మన వాల్తేరునకే చెందినది. దుర్గాబాయమ్మగారు ఉప్పు సత్యాగ్రహమున జైలుకు పోయి వచ్చిన పిదప, పాఠశాలకు పోవు వయస్సు దాటినను, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు స్వయముగా చదివి నెగ్గిరి. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోగా స్త్రీలకు వసతిగృహము లేదను అడ్డంకి వచ్చెను. ఆమె నిరాశపడి తిరిగిపోలేదు. పత్రికలో ప్రకటన వేయించి, తనవలె చదువగోరు ఆడపిల్లలను కూర్చుకొని, వసతిని తామే యేర్పరచుకొనిరి. 1942 నాటికి న్యాయశాస్త్రపట్టమును గొని మద్రాసున న్యాయవాదియైరి. తాను చదివిన దారిని తనతో మూసివేయక, 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువాగిన స్త్రీలను మెట్రిక్యులేషనునకు సిద్ధపరచిరి. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షురాలుగా 1958లో వయోజన స్త్రీలకు సంగ్రహ విద్యాక్రమమును దేశమంతట ప్రవేశపెట్టించిరి. ఆగిన చదువు మరల సాగునని ఋజువు కావలెనన్న, ఆ ఋజువు మన యింటనే యున్నది.

ఇక సంస్థల మాట. కళాశాలలో అడుగుపెట్టకుండ పట్టమునకు చదువుట 1858లో లండను విశ్వవిద్యాలయము పరులకు పరీక్షలు తెరచినప్పుడు మొదలైనది. మన దేశమున 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము తపాలా పాఠములను ఆరంభించినది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లో అట్టి శాఖనే నెలకొల్పినది. పదేండ్లకు, 1982లో, హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. భారతదేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది. దానికి 1991లో డాక్టరు అంబేద్కరుగారి పేరు పెట్టిరి. చేతిలో బడి సర్టిఫికెట్టు లేకున్నను, అర్హతపరీక్షలో నెగ్గినచో పట్టమునకు చదువవచ్చునని ఆ సంస్థ చేసిన యేర్పాటు సామాన్యమైనది కాదు. దాని మొదటి ఉపాధ్యక్షులు జి. రామిరెడ్డిగారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపాధ్యక్షులైరి. అనగా దేశమునకు ఈ దారి చూపినది తెలుగుగడ్డయే. 2017లో స్వయమను పేర కేంద్రప్రభుత్వము ఉచిత పాఠములను ఫోనునకు తెచ్చినది. 2020 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు నిబంధనలు దూరవిద్యను, ఆన్‌లైను విద్యను ఒకే చట్రమున బిగించినవి. గుర్తింపుగల విశ్వవిద్యాలయము ఈ రీతుల నిచ్చు పట్టము కళాశాలకు పోయి పొందిన పట్టముతో సమానమని 2022లో ఆ సంఘమే మరల చాటినది.

కావున తలుపు తెరచియున్నది. అది మేము కాదనము. మా ఫిర్యాదు వేరు. తలుపు తెరచినవారు గడియ నియ్యలేదు. చదువునకు కావలసినవి పుస్తకము, గురువు, కాలము. మొదటి రెండును ఇప్పుడు చేతిలోని ఫోనుననే యిమిడినవి. మూడవది యే తీగగుండను రాదు. దానిని ఒకరు ఇంకొకరికి ఇయ్యవలసినదే.

ఎంత కాలము కావలయునో లెక్క చూతము. లెక్క చూడక ఉత్సాహముతో చేరి, లెక్క తెలియక మానివేయుటయే ఈ చదువునకు పట్టిన పెద్దరోగము. మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లు కావలెను. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయపు లెక్కలో క్రెడిట్టు ఒకటికి 30 గంటల శ్రమ. చదువుట, వినుట, వ్రాయుట యన్నియు అందులోనివే. మొత్తము 3600 గంటలు. మూడేండ్లలో ముగింపవలెనన్న యేటికి 1200 గంటలు, అనగా పండుగ పబ్బము విడువక దినమునకు 3 గంటల 17 నిమిషములు. ఆరేండ్లకు పరచుకొన్నచో దినమునకు 1 గంట 39 నిమిషములు. పట్టమును మూడేండ్లలోనే పుచ్చుకొని తీరవలెనని సంసారులకు ఏ శాస్త్రమును విధింపలేదు. సార్వత్రిక విశ్వవిద్యాలయములు గడువును పెంచి యిచ్చుట యిందులకే. అయినను చేరినవారిలో పలువురు పదునెనిమిదేండ్ల పిల్లలతో పందెము వేసికొనినట్లు మూడేండ్లకే సిద్ధపడి, మొదటి పరీక్షలో రెండు కాగితములు తప్పి, సిగ్గుపడి, పుస్తకములు అటుకపైకి చేర్చుచున్నారు. పసివాడు పరుగెత్తును, కావడి మోయువాడు నడచును. నడచినవాడును ఊరు చేరును.

ఇప్పుడు ఆకుకూరలమ్మ యేబదిమందిలో ఒక్కతె గాదు, లక్షలలో ఒక్కతె యని చూపు అంకెలు రెండు చెప్పెదము. 2024లో కేంద్ర గణాంకశాఖ మన ప్రజలు దినమును ఎట్లు గడపుచున్నారో పరిశీలించెను. జీతములేని ఇంటిపనికి, ఆ పని చేయు స్త్రీ దినమునకు సగటున 289 నిమిషములు వెచ్చించుచున్నది. చేయు పురుషుడు 88 నిమిషములు. వ్యత్యాసము 201 నిమిషములు. పట్టమును మూడేండ్లలో ముగించుటకు దినమునకు కావలసినది 197 నిమిషములని పైలెక్క చెప్పుచున్నది. పాఠకులు ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి ఒక్కసారి చూడవలయును. మన యిండ్లలో స్త్రీకిని పురుషునకును నడుమ నున్న పనితేడా సరిగా ఒక డిగ్రీ యంతయున్నది! స్త్రీలకు చదువునకు తీరికలేదని మనము చెప్పుచుందుము. తీరిక లేకపోలేదు; అది మన యొద్ద నున్నది.

ఈ మాట వ్రాయుటకు మాకు అధికారము గలదా యని మమ్మెరిగినవారు అడుగవచ్చును. అడుగుటకు ముందే మా తప్పు మేమే చెప్పుకొందుము. వృత్తిలో పదునెనిమిదేండ్లు గడచిన పిదప, కార్మికచట్టములను గూర్చి యొక డిప్లొమాకు మేమును ఇంటినుండియే చదివితిమి. ఆ సంవత్సరము మా యింటి ముందుగది తలుపు రాత్రి ఎనిమిదికి మూయబడెడిది. పిల్లలు గుసగుసగా మాటలాడెడివారు. కాఫీ వేళకు వచ్చెడిది. చుట్టములు వచ్చిన, చదువుకొనుచున్నారు, తరువాత రండని ఇల్లాలు నచ్చజెప్పి పంపెడిది. పరీక్ష నెగ్గితిమి. మిత్రులు మా పట్టుదలను మెచ్చిరి, మేమును మెచ్చుకొంటిమి. రెండేండ్లకు ఇల్లాలు తెలుగు ఎం.ఎ.కు కట్టినది. ఆమె కొరకు ఏ తలుపును మూయబడలేదు. ఆమె వంటయింటి అరుగుపై పుస్తకము తెరచి, కుక్కరు కూతకును, మా పిలుపునకును, పిల్లవాని లెక్కకును లేచుచు చదివినది. మొదటి సంవత్సరము రెండు కాగితములు పోయినవి. "నీవు శ్రద్ధ పెట్టలేదు" అని మేము తీర్పు చెప్పితిమి. న్యాయస్థానమున ఎదుటివాదము వినక తీర్పు చెప్పిన న్యాయాధికారిని మేము ఊరకుందుమా? ఆమె ఒక్క మాట యనినది: "మీరు చదివినప్పుడు శ్రద్ధ నేను పెట్టానండి." దానికి మా యొద్ద ప్రతివాదము లేకపోయినది. నాటినుండి రాత్రి ఎనిమిదికి ముందుగది తలుపు మరల మూయబడుచున్నది. లోపల నుండునది మేము గాము. సభలకు కుర్చీలు వేయుటయు, కరపత్రములు పంచుటయు దేశసేవ యనుకొను మాబోంట్లకు, గిన్నెలు తోముటయు నందులో నొకటియని తెలియుటకు నలుబదియేండ్లు దాటినవి.

ఇంటిని దాటి పనిచోటునకు పోదము. పరీక్షలు సాధారణముగా జూనులోను, డిసెంబరులోను వచ్చును. జూనులో బళ్లు తెరచుదురు; పిల్లల ఫీజులు, పుస్తకములు, బట్టలు అన్నియు ఆ నెలనే. పరీక్ష ఒక్కొక్కటి ఒక్కొక్క దినమున, పదింటికో రెండింటికో. నెలజీతగానికి సెలవు కావలెను. దినకూలికి ఆ దినపు కూలి పోవును. ఆకుకూరల బేరగత్తెకు ఆ దినము అంగడి మూసినచో సరకు వాడిపోవును. మాకు తెలిసిన యొక దుకాణగుమాస్తా నాలుగు పరీక్షలకు నాలుగు పూటలు సెలవడుగగా, చదువు కావలెనో పని కావలెనో తేల్చుకొమ్మని యజమాని పలికెను. అతడు పనియే తేల్చుకొనెను. ఇంట నలుగురున్నారు గనుక. ఆ యజమాని దుర్మార్గుడు కాడు. తన కుమారుని చదువునకు లక్షలు పోయుచున్నాడు. గుమాస్తా చదువుకూడ చదువేయని ఆయనకు తోచలేదు, అంతియే.

1948 నాటి కర్మాగారముల చట్టము వారమునకు 48 గంటలను పనికి పైహద్దుగా పెట్టినది. పనిచేయువాడు యంత్రము కాడు, అతనికి నిద్రయు నిల్లును గలవని ఒప్పుకొనుటయే ఆ హద్దులోని ధర్మము. అతనికి బుద్ధియు గలదని ఒప్పుకొనుట తరువాతి మెట్టు. 1974లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆ మెట్టెక్కినది. కార్మికునకు చదువునిమిత్తము జీతముతో సెలవు నియ్యవలెనని 140వ ఒడంబడికను చేసినది. మన దేశమింకను దానిపై సంతకము చేయలేదు. సంతకము వచ్చువరకు యజమానులు కాచుకొనియుండ నక్కరలేదు. హాలుటిక్కెట్టు చూపినవానికి పరీక్షపూట జీతముతో సెలవిచ్చుటకు ఏ ఒడంబడికయు నక్కరలేదు. పరీక్షకు కూర్చుండు గుమాస్తాకు ఏడాదికి పోవునవి ఎనిమిదో పదియో పూటలు. ఓడరేవు, ఉక్కు, నౌకానిర్మాణము గల మన పట్టణమున షిఫ్టుల పట్టిక వ్రాయు అధికారి, పరీక్షనెలలో చదువరికి ఒకే షిఫ్టు వేసినచో, ఖజానాకు దమ్మిడీ నష్టము లేదు. ఒక సంసారమునకు ఒక పట్టము దక్కును.

ఇక హెచ్చరిక యొకటి. న్యాయవాదిగా ఇది మా విధి. కాలము లేనివాని యాతురతపై బ్రతుకు దళారులు గలరు. ఒక్క కూర్చుండుటలో డిగ్రీ యనియు, పరీక్ష వ్రాయనక్కరలేదనియు, పాత తేదీతో పట్టా ఇప్పించెదమనియు గోడలమీద కాగితములంటించు వారిని పాఠకులు చూచియే యుందురు. 2005లో ప్రొఫెసరు యశ్‌పాల్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున ఒక్క చట్టముక్రింద పుట్టుకొచ్చిన 112 ప్రైవేటు విశ్వవిద్యాలయములను కొట్టివేసినది. 2017 నవంబరులో ఒడిశా ఎత్తిపోతల సంస్థ వ్యాజ్యమున, అనుమతి లేకుండ కొన్ని డీమ్డు విశ్వవిద్యాలయములు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టములు చెల్లవని తీర్పు చెప్పినది. 2001 మొదలు 2005 వరకు చేరినవారికి మరల పరీక్ష వ్రాసి నిలుపుకొను అవకాశమిచ్చినది. తరువాతివారికి అదియు లేదు. పదేండ్ల క్రిందట పొందిన పట్టమును, దాని మూలమున వచ్చిన పదోన్నతిని, ఒక్క ఉదయమున పోగొట్టుకొనువాని స్థితి యెట్టిదో ఊహింపుడు. అతడు మోసము చేసినవాడు కాడు, తరచుగా మోసపోయినవాడు.

కావున చేరుటకు ముందు మూడు విషయములు చూచుకొనవలయును. ఆ విశ్వవిద్యాలయమునకు ఆ సంవత్సరమున, ఆ కోర్సునకు, ఆ రీతియందు నిధుల సంఘపు దూరవిద్యా విభాగము అనుమతి యిచ్చినదా? ఇది ఆ విభాగపు జాబితాలో ఎవ్వరైన నుచితముగా చూడవచ్చును. రెండవది, ఆ చదువు ఈ రీతిని చదువదగినదేనా? ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు, ఫార్మసీ మున్నగునవి దూరవిద్యలో పనికిరావు. మా న్యాయవాదవృత్తికి కావలసిన పట్టమును గూడ ఇంటనుండి పొందవీలులేదు. ఎవ్వడైన పొందింతునన్నచో వాడు అబద్ధమాడుచున్నాడు. మూడవది, డబ్బు ఎవరి ఖాతాలో కట్టుచున్నాము? విశ్వవిద్యాలయపు ఖాతాలో గాక దళారి చేతిలో పెట్టిన రూపాయికి మేము కోర్టులో చేయగల సాయము మిక్కిలి కొంచెము.

ఇక్కడ పెద్దలు కొందరు ఆక్షేపింతురు. ఫోనులో చదివిన చదువు చదువేనా? గురువు ముఖము చూడక, తోటివారితో వాదింపక, ఇతరులు వ్రాసిన జవాబులు కొని అసైనుమెంట్లుగా సమర్పించి పొందిన పట్టమునకు విలువ యేమి? ఈ యాక్షేపణలో నిజము గలదు. దానిని దాచుట మాకు ఇష్టము లేదు. జవాబులు అమ్ము అంగళ్లు గలవు. చేరినవారిలో ముగించనివారు చాల మంది గలరు. ఒంటరిగా చదువువాని మనస్సు త్వరగా విరుగును. కాని దానికి మందు ఈ చదువును హేళనచేయుట గాదు. కళాశాలలో హాజరు వేయించుకొని చెట్టుక్రింద కూర్చున్నవారిని మనమెరుగమా? దొంగతనము అంగడిలో జరిగిన అంగడి మూయము, కాపలా పెట్టుదుము. ఒంటరితనమునకు మందు కూటమి. ఒకే వీధిలోని నలుగురు చదువరులు వారమున కొక్కసారి కలిసికొని, చదివినదానిని ఒకరి కొకరు చెప్పుకొన్నచో, గురువులేని లోటు సగము తీరును. దుర్గాబాయమ్మగారు వాల్తేరున చేసినది అదియే గదా!

మరికొందరు, ఈ వయస్సున పట్టమువలన లాభమేమి, ఉద్యోగమిచ్చెదరా యని యడుగుదురు. కొందరికి నిజముగనే లాభము గలదు. పదోన్నతికి పట్టము నిబంధనగా నున్న ఉద్యోగములు అనేకములు. కాని లాభమునే త్రాసుగా పట్టుకొన్నచో ఆకుకూరలమ్మ మాట మనకు అర్థము కాదు. ఆగిపోయినదానిని పూర్తిచేయుట యామె కోరిక. ఆపినది ఆమె కాదు, మనము ఆపితిమి. పెండ్లిపేరను, బీదరికముపేరను, ఆడపిల్ల యనుపేరను, పెద్దకొడుకను పేరను ఎందరి పుస్తకములు మన ఇండ్లలో మధ్యపుటలో మూయబడలేదు? ఆ పుటనుండి వారు మరల తెరచుచున్నప్పుడు లాభనష్టముల లెక్క యడుగుట మనకు తగునా? ఇది మనము వారికి పెట్టు భిక్ష కాదు, తీర్చవలసిన పాతబాకీ.

ఈ బాకీలో పురపాలకులకును భాగము గలదు. తెలుగుదేశమున గ్రంథాలయములు ఒకప్పుడు ఉద్యమముగా నడచినవి. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. 1935లో కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు పెట్టుకొని పల్లెపల్లెకు పోయి పంచిరి. చదువరి పుస్తకమునొద్దకు రాలేనిచో పుస్తకమే చదువరియొద్దకు పోవలెననునది ఆనాటివారి నీతి. నేడు మనము ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా కట్టుచున్నాము. పూర్ణా మార్కెటులో కూరలమ్మునామెయు, కొనుమేమును ఆ పైసలను ఏదో రూపమున చెల్లించుచునే యున్నాము. ఆ సొమ్ములోనుండి మార్కెటు చెంతనే ఒక చదువుగది కావలెనని కోరుట దురాశయా? పెద్ద భవనమక్కరలేదు. పదిమంది కూర్చుండు బల్లలు, మంచి దీపము, మంచినీరు, స్త్రీలకు మరుగుగది, ఫోనునకు కరెంటు, ఇంటర్నెట్టు. ముఖ్యముగా వేళ. ఆఫీసులతోపాటు తెరచి ఆఫీసులతోపాటు మూయు గ్రంథాలయము సంసారులకు ఉపయోగపడదు. మార్కెటు వేకువను తెరచినట్లు చదువుగదియు వేకువను తెరవవలెను. షిఫ్టు దిగినవానికి రాత్రి పదింటివరకును తలుపు తెరచి యుండవలెను. బేరము తగ్గిన మధ్యాహ్నపు గంటలో, అంగడిని ప్రక్కవానికి అప్పగించి, అరువది అడుగులు నడచి, కూర్చుండి వ్రాసికొను చోటు. పాఠము చెవితో వినవచ్చును. పరీక్ష చేతితో వ్రాయవలెను. చేతికి బల్ల కావలెను.

మా కోరికలు నాలుగే. యజమానులు పరీక్షపూట జీతముతో సెలవియ్యవలెను. కార్పొరేషనువారును, జిల్లా గ్రంథాలయ సంస్థవారును పూర్ణా మార్కెటు మొదలుగా పనివారుండు పేటలలో వేకువ చదువుగదులను తెరవవలెను. ప్రతి యింటను చదువువారికి, వారు ఇల్లాలైనను కోడలైనను, దినమున కొక గంట యెవ్వరును పిలువని గంటగా రాసి యియ్యవలెను. చదువువారు తొందరపడక, దళారిని నమ్మక, ఆరేండ్లకైనను సిద్ధపడి, దినమునకు తొంబదితొమ్మిది నిమిషములను మాత్రము విడువక పట్టుకొనవలెను.

ఇందులో నాలుగవదానిని మన ఆకుకూరలమ్మ యెవ్వరును చెప్పకయే చేయుచున్నది. మొదటి రెండును సాధించుటకు సభలు, అర్జీలు, ఒత్తిడి కావలెను. వానిని మేము విడువము. మూడవదానికి సభయక్కరలేదు, అర్జీయక్కరలేదు, బడ్జెట్టు అక్కరలేదు. ఈ పత్రికను చదివి మడచిన పాఠకుడు, మడచిన చేతితోనే వంటయింటి తలుపు వద్దకు పోయి, "నీవు లెమ్ము, మిగిలిన పని నేను చూచెదను" అనవచ్చును. అది నేటి రాత్రియే అనవచ్చును.